పులివేషం కారు: బొమ్మ కారుకి మొదటిసారి రంగు వేసేవాళ్ళ కోసం

ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర వస్తుంది. ఆ రోజుల్లో సాయంత్రం పూట బడాబజారు వైపు వెళ్తే ఎటు చూసినా వేషాలే. నాకు చిన్నప్పట్నుంచీ పులివేషమంటే ప్రాణం. డప్పుల మోత మొదలవకముందే వెళ్ళి, వేషం కట్టే చోట గోడ పక్కన కూర్చునేవాణ్ణి. మనిషి ఒంటికి పసుప్పచ్చ రంగు పూస్తారు. అది ఆరేదాకా అతను చేతులు పక్కకి చాపి కదలకుండా నిలబడతాడు. ఆరాక వెన్ను మీంచి నల్ల చారలు దిగుతాయి. తొందరపడి పచ్చి రంగు మీద చార గీస్తే అది పులి కాదు, మసి గుడ్డ.

కిందటి యాత్రకి మా మేనల్లుడు వాడి చిన్న కారొకటి పట్టుకొచ్చి, "మావయ్యా, దీనికీ పులివేషం కట్టవా?" అని అడిగాడు. అలా మొదలైంది. మొదటి నాలుగు కార్లూ పాడుచేశాను. ఐదోది వాడు ఇప్పటికీ జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ నాలుగూ ఎందుకు పాడయ్యాయో నాకిప్పుడు తెలుసు కాబట్టి, మీ మొదటి కారే బాగా రావాలని ఇది రాస్తున్నాను. మీరు బరంపురంలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, రాయగడ, జయపురంలో ఉన్నా పని ఒక్కటే. గాలి మాత్రం వేరు. దాని సంగతి తరవాత చెబుతాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

కారు ఎంచుకోవడం

హాట్ వీల్స్, మ్యాచ్‌బాక్స్, మాజొరెట్ లాంటి కార్లు సుమారుగా 1:64 కొలతలో ఉంటాయి. అంటే నాలుగున్నర మీటర్ల అసలు కారు ఇక్కడ 7 సెంటీమీటర్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, రంగు విషయంలో మళ్ళీ పనికొస్తుంది.

పైభాగం లోహంతో, అడుగుభాగం ప్లాస్టిక్‌తో ఉన్న కారు తీసుకోండి. ఎంత సాదాగా, ఎంత నున్నగా ఉంటే అంత మంచిది. వెనక రెక్కలు, ఇంజను బయటికి పొడుచుకొచ్చినవి మొదటిసారికి వద్దు. తిరునాళ్ళలో అమ్మేవాటిలో చాలా వరకు పూర్తి ప్లాస్టిక్కే. అనుమానం వస్తే పెదవికి ఆనించి చూడండి, లోహమైతే చల్లగా తగులుతుంది. అయస్కాంతంతో చూసి లాభం లేదు. ఈ లోహానికి అయస్కాంతం అంటుకోదు, లోపలి ఇరుసులకి మాత్రమే అంటుకుంటుంది.

ఆ లోహం పేరు జామాక్. ఎక్కువ పాళ్ళు జింకు, అందులో నాలుగు శాతం దాకా అల్యూమినియం, కొంచెం మెగ్నీషియం, రాగి. ఆ నాలుగు లోహాల జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. జింకు మీద మామూలు నూనె ఎనామిల్ సూటిగా వేస్తే, రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బు లాంటి పొర కడుతుంది. వేసిన రోజు అద్దంలా ఉంటుంది. నెలలు గడిచాక గోరు తగిలితే చాలు, పొట్టు ఊడినట్టు ఊడిపోతుంది. గేటుకి మిగిలిన ఎనామిల్ డబ్బా తీసి కారుకి పూసేద్దామనుకునేవాళ్ళు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. మధ్యలో ప్రైమర్, అంటే రంగుకి పట్టునిచ్చే తొలి పూత, లేనిదే జింకు రంగుని నిలబెట్టదు.

రివెట్లు తియ్యడం

కారు తిరగేస్తే ముందొకటి, వెనకొకటి గుండ్రటి రివెట్టు తలలు కనిపిస్తాయి. పైభాగం నుంచి కిందికి దిగిన లోహపు కాడల చివర్లని నొక్కి పుట్టగొడుగులా పరిచారన్నమాట. ఆ పుట్టగొడుగు గొడుగు మాత్రమే తియ్యాలి, కాడ మిగలాలి.

కారుని మెత్తని గుడ్డలో చుట్టి చిన్న వైసులో పట్టించండి. సెంటర్ పంచ్‌తో రివెట్టు సరిగ్గా నడుమన చుక్క కొట్టండి. చుక్క లేకుండా డ్రిల్లు పెడితే బిట్టు జారి అడుగుభాగాన్ని గీరేస్తుంది. మొదట 1.6 మిల్లీమీటర్ల బిట్టుతో నాలుగైదు మిల్లీమీటర్ల లోతు రంధ్రం చెయ్యండి. తరవాత 4 మిల్లీమీటర్ల బిట్టుతో నెమ్మదిగా పైపైన తిప్పండి. గొడుగు చిన్న ఉంగరంలా తెగి బిట్టుకి పట్టుకుని పైకొస్తుంది. ఆ క్షణంలోనే ఆపెయ్యాలి. కళ్ళని కాపాడే రక్షణ కళ్ళజోడు పెట్టుకోకుండా ఈ పని చెయ్యకండి. జింకు పొడి సన్నని సూదుల్లా ఎగురుతుంది.

ముందు 1.6 బిట్టే ఎందుకంటే, ఆ రంధ్రంలోనే తరవాత ఎమ్‌2 (2 మిల్లీమీటర్ల మందం) స్క్రూకి మర తియ్యొచ్చు. ఎమ్‌2 ట్యాప్‌కి (అంటే మర తీసే పనిముట్టుకి) ఒక చుక్క నూనె వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. లోహం ముక్కలు బయటికి వస్తూ ఉంటాయి. బలవంతంగా తిప్పితే ట్యాప్ లోపలే విరుగుతుంది, ఇక ఆ కాడ పనికిరాదు. ఎమ్‌2 స్క్రూలు ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్లో అడిగితే దొరుకుతాయి, 4 మిల్లీమీటర్ల పొడుగువి చాలు. ట్యాప్ లేకపోయినా బెంగ పడకండి, చివర్లో రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో అతికించొచ్చు. కాకపోతే మళ్ళీ విప్పడం కష్టం.

విప్పిన భాగాలు, అంటే అద్దాలు, సీట్లు, అడుగుభాగం, చక్రాలు ఒక మూత డబ్బాలో వేసి, విప్పకముందు, విప్పాక ఒక్కో ఫోటో తీసి పెట్టుకోండి. సీటు ఏ వైపు తిరిగి ఉందో రెండు వారాల తరవాత గుర్తుండదు.

పాత రంగు ఊడగొట్టడం

హార్డ్‌వేర్ కొట్లో పెయింట్ రిమూవర్ అని అడిగితే ఇస్తారు. గాజు సీసాలో లోహపు పైభాగం ఒక్కటే వేసి, మునిగేంత పోసి, మూత పెట్టండి. పావుగంటలో రంగు ఉబ్బి, నీళ్ళలో నానిన తొక్కలా ముడతలు పడుతుంది. పటకారుతో తీసి, పాత పళ్ళ బ్రష్షుతో, గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. మూలల్లో మిగిలితే మళ్ళీ ముంచండి.

జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ పని ఇంట్లో కాదు, డాబా మీదో పెరట్లోనో చెయ్యండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చాలా రిమూవర్లలో ఉండే ద్రావకం మామూలు రబ్బరు తొడుగుల్ని కొద్ది నిమిషాల్లోనే దాటి చర్మానికి తగులుతుంది. అందుకే తొడుగులున్నాయని చెయ్యి ముంచకండి, పటకారే వాడండి. మిగిలిన మడ్డిని మోరీలో పోయకుండా పాత పేపర్ల మీద ఆరనిచ్చి చెత్తలో వెయ్యండి. కాస్టిక్ సోడాతో తేలిగ్గా పోతుందని ఎవరైనా చెబితే వినకండి. అది రంగుతోపాటు జింకునీ తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

ఇంత బాధ మొదటిసారికి వద్దనుకుంటే ఒక అడ్డదారి ఉంది. ఫ్యాక్టరీ రంగు బాగానే ఉండి, దాని మీది బొమ్మలు, అంకెలు మాత్రమే వద్దనుకుంటే, దూది పుల్లకి గోళ్ళరంగు తుడిచే అసిటోన్ అద్ది మెల్లగా రుద్దండి. పైన అచ్చేసిన బొమ్మలు ముందు కరుగుతాయి. కింది రంగు మెత్తబడుతున్నట్టు అనిపించగానే ఆపెయ్యాలి. ప్లాస్టిక్ భాగాలకి అసిటోన్ చుక్క తగిలినా పాలమీగడ పట్టినట్టు తెల్లబడిపోతాయి.

నేల సిద్ధం చెయ్యడం

లారీ బాడీలకి రంగులేసే పెద్దాయన ఒకరు మా వీధి చివర ఉండేవారు. నా రెండో కారు చూపిస్తే వేలితో తడిమి, "రంగు బానే ఉంది బాబూ, కింద నేలే బాలేదు" అన్నారు. నేనప్పటికి ఆకురాయి ముట్టుకోలేదు.

ఉత్త లోహాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత కనిపిస్తుంది, ఎక్కువగా బానెట్ పక్కనో, చక్రాల కమానుల మీదో. సన్న ఆకురాయితో దాన్ని సాపు చెయ్యండి. తరవాత 400 నంబరు వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) తడిపి రుద్దండి, ఆ తరవాత 800. ఇంతకన్నా నున్నగా చెయ్యకండి. అద్దంలా చేస్తే ప్రైమర్‌కి పట్టు దొరకదు. డోరు గీతలు, బానెట్ గీతలు పూడిపోయినట్టుంటే సూది మొనతో ఒకసారి లోతుగా గీయండి, రంగు పొరలు పడ్డాక అవే కనిపించాలి.

ఇప్పుడు మళ్ళీ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చేతి శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది. ఇక్కడి నుంచి ఒట్టి చేత్తో లోహాన్ని తాకకూడదు. మన ఇళ్ళలో తలకి కొబ్బరినూనె రాసుకోవడం రోజూ ఉన్నదే. ఆ వేళ్ళు తగిలిన చోట రంగు ఆగకుండా, నూనె చుక్క చుట్టూ నీళ్ళు తప్పుకున్నట్టు తప్పుకుని, చేప కన్నులాంటి గుంటలు పడతాయి. స్నానం చేసి నూనె రాసుకున్న రోజు నేను ఈ పని పెట్టుకోను.

పట్టుకోవడానికి ఒక ఐస్‌క్రీమ్ పుల్ల తీసుకుని, చివర రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, కారు లోపలి వైపు గట్టిగా అంటించండి. మిగతా పనంతా ఆ పుల్ల పట్టుకునే.

గాలిలో తేమ, ఉప్పు పరీక్ష

మా ఊరికి గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరం. చైత్రంలో కూడా సాయంత్రానికి గాలి చెమ్మగా అవుతుంది. స్ప్రే డబ్బాలోని ద్రావకం ఆవిరవుతూ కారు పైభాగాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డ రంగు మీద గాలిలో ఉన్న తేమ మంచులా దిగుతుంది. ఫలితంగా మెరుస్తూ ఆరాల్సిన రంగు బూజు పట్టినట్టు తెల్లగా అవుతుంది. నా మూడో కారు అలాగే పోయింది. రంగు నాసిరకమనుకుని డబ్బా మార్చాను. రెండో డబ్బాతోనూ అంతే. తప్పు డబ్బాలది కాదు, ఆశ్వయుజం సాయంత్రం ఆరు గంటలకి డాబా మీద నిలబడి రంగు కొట్టిన నాది.

తేమ కొలిచే మీటరు లేకపోయినా మన వంటింట్లో ఒకటుంది. చిన్న పళ్ళెంలో చెంచాడు కల్లుప్పు పరిచి, రంగు వేసే చోట అరగంట ఉంచండి. శుద్ధి చేసిన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పట్టడం మొదలుపెడుతుంది. గంజాం జిల్లాలోనే హుమ్మా, సుర్లా ఉప్పు మళ్ళున్నాయి, అలాంటి మళ్ళ ముతక ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. మనకి అదే మంచిది, ముందే హెచ్చరిస్తుంది. వేలు పెట్టి చూస్తే ఉప్పు గలగలలాడితే రంగు వెయ్యండి. వేలికి అంటుకుంటే ఆ రోజు ఇంకో పని చూసుకోండి.

మార్గశిరం నుంచి మాఘం దాకా, మంచు విడిచాక, పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకు మాకు మంచి వేళ. రాయగడ, కోరాపుట్ వైపు ఎత్తు ప్రాంతాల వాళ్ళకి ఆ నెలల్లో పొద్దున్నే పొగమంచు, చలి ఎక్కువ. పదకొండు దాటాకే మొదలుపెట్టండి. చలిలో డబ్బా సరిగ్గా చిమ్మకపోతే గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు నిలబెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, ఆ డబ్బా పేలుతుంది. స్ప్రే కొట్టే దరిదాపుల్లో దీపం గానీ, అగరుబత్తి గానీ వెలుగుతూ ఉండకూడదు.

ఒకసారి తెల్లబడితే కారు పాడైనట్టే అనుకోకండి. పొడి ఎండ వచ్చిన రోజు, అదే రకం క్లియర్‌ని (రంగులేని పైపూతని) దూరం నుంచి పలచగా ఒక పొర మంచులా కొడితే చాలాసార్లు తెలుపు విడిపోతుంది.

ప్రైమర్, తెలుపు, పసుపు

ఇక్కడ 1:64 లెక్క మళ్ళీ వస్తుంది. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు. అదే మందం బొమ్మ కారు మీద పడితే, అసలు కారు మీద 6.4 మిల్లీమీటర్ల మందంతో సమానం! అంటే పెన్సిలు మందం గార పూసిన కారులా కనిపిస్తుంది. డోరు గీతలు పూడిపోతాయి, అక్షరాలు మాయమవుతాయి. బ్రష్షుతో మందంగా పూసిన కారు ఎందుకు బొమ్మలానే ఉంటుందో, పలచని పొరలు పడ్డది ఎందుకు నిజం కారులా ఉంటుందో దీంతో తెలిసిపోతుంది.

మోటారు రంగుల కొట్లో ఎచ్ ప్రైమర్ స్ప్రే, బూడిద రంగుది అడగండి. ఇనుప గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ ఇచ్చేస్తుంటారు, తీసుకోకండి. అది ముతక, మందం. డబ్బాని రెండు నిమిషాలు, లోపలి గోళీ మోత వినిపించాక కూడా, బాగా కుదపండి. 20 సెంటీమీటర్ల దూరం పట్టండి. స్ప్రే కారుకి ఎడమ పక్క ఖాళీలో మొదలై, కారు మీదుగా సాగి, కుడి పక్క ఖాళీలో ఆగాలి. కారు మీదే నొక్కి, కారు మీదే ఆపితే ఆ రెండు చోట్లా రంగు కారుతుంది. మొదటి పొర పడ్డాక లోహం ఇంకా కనిపిస్తూ ఉండాలి. కనిపించకపోతే ఎక్కువైందని అర్థం. పది నిమిషాలాగి రెండో పొర. అంతే, ప్రైమర్‌కి రెండు చాలు.

ఒక రోజు ఆగి, 1000 నంబరు పేపర్ తడిపి గాలి తగిలినంత తేలిగ్గా రుద్ది, తుడిచి, అప్పుడు తెలుపు. పసుపుకి ముందు తెలుపు ఎందుకంటే, పసుపు రంగు కింది రంగుని కప్పలేదు. బూడిద రంగు మీద సూటిగా పసుపు కొడితే ఆవపిండి రంగులోకి తిరుగుతుంది, ఎన్ని పొరలు వేసినా నిగారింపు రాదు. తెలుపు రెండు పలచని పొరలు, తరవాత పసుపు మూడు నాలుగు పొరలు, మధ్యమధ్య పదేసి నిమిషాలు. మూడో పొర దాకా రంగు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. అప్పుడే చెయ్యి దురద పెడుతుంది, ఇంకాస్త దగ్గరగా కొట్టేద్దామని. కొట్టకండి.

తెలుపూ పసుపూ ఒకే రకం రంగై ఉండాలి. మోటారు కొట్లలో డ్యూకో అనే త్వరగా ఆరే లాకర్ రకం మంచిది. నా నాలుగో కారు సంగతి ఇక్కడ చెప్పాలి. పసుపు ఎనామిల్ వేశాను. మర్నాటికి వేలికి అంటుకోలేదు, ఆరిందనుకుని లాకర్ క్లియర్ కొట్టాను. కళ్ళ ముందే పైకప్పు మొత్తం వేయించిన అప్పడంలా బుడగలు లేచి ముడుచుకుపోయింది. లాకర్‌లోని ఘాటు ద్రావకం కింద పూర్తిగా గట్టిపడని ఎనామిల్‌ని ఉబ్బిస్తుంది. ఎనామిల్ పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడడానికి రోజులు పడుతుంది. లాకర్ మీద నీటి అక్రిలిక్ వెయ్యొచ్చు. ఎనామిల్ మీద లాకర్ మాత్రం ఎప్పుడూ వద్దు.

ఊపిరి సంగతి కూడా ఇక్కడే. దుమ్ముకి పెట్టుకునే మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపదు. ఆరుబయట, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి కొట్టండి. తరచుగా చేస్తారనుకుంటే ఆర్గానిక్ వేపర్ ఫిల్టర్లున్న మాస్కు కొనండి. రెండు డబ్బాలు కలిపి వాడే 2కే క్లియర్ జోలికి మొదట్లో అస్సలు వెళ్ళొద్దు. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి ప్రమాదం.

చారలు

ఒక పూర్తి రోజు ఆగాక చారలు. నీటి అక్రిలిక్ నలుపు, 1 నంబరు బ్రష్షు. చాలామంది సన్నగా రావాలని మూడు సున్నాల బ్రష్షు కొంటారు. దానికి రంగు నిలిచేంత పొట్ట ఉండదు, కాగితం మీంచి కారు దగ్గరికి తెచ్చేలోపే మొన ఆరిపోతుంది. మొన బాగున్న 1 నంబరు బ్రష్షుతో వెంట్రుకంత గీత కూడా వస్తుంది.

రంగుని పలచని మజ్జిగలా కలపండి. బ్రష్షు ముంచి, పాత గుడ్డ మీద ఒకసారి తుడిచి, మొన నిలబెట్టుకోండి. పులి చార వెన్ను దగ్గర లావుగా మొదలై పొట్ట వైపు సన్నబడుతుంది. కారుకి వెన్నంటే పైకప్పు నడిమి గీత. అక్కడ బ్రష్షుని ఆనించి, కొంచెం నొక్కి, డోరు వైపు లాగుతూ ఒత్తిడి తగ్గించి, చివర గాలిలోకి ఎత్తెయ్యండి. ముగ్గులో కర్ర గీత చివర వేళ్ళు వదిలేస్తారు చూడండి, అలాగ. ఒక చార నిలువుగా, పక్కది నడుమ రెండుగా చీలి, ఇంకోటి సగంలోనే ఆగిపోవాలి. ఎడమ వైపు ఉన్నట్టే కుడి వైపు రావాలని చూడకండి. ఏ పులికీ రెండు పక్కలా ఒకేలా ఉండవు. యాత్రలో వేషం కట్టేవాళ్ళ చేతులు చూసే నేనిది నేర్చుకున్నాను. వాళ్ళు వెన్నెముక మీంచి పక్కటెముకల వాలు పట్టుకుని గీస్తారు. మీరూ బానెట్ వాలు, కిటికీ కింది మడత, చక్రాల కమాను ఎటు తిరిగితే చారని అటు తిప్పండి. అప్పుడు చారలు కారు మీద అంటించినట్టు కాక, కారు ఒంటి మీంచి మొలిచినట్టు ఉంటాయి.

మొదటి కారుకి పులివేషమే చెబుతున్నానంటే కారణం ఇదే. తిన్నటి గీత గియ్యాల్సిన పని లేదు. పైగా లాకర్ పసుపు మీద నీటి రంగు కాబట్టి, చార తప్పితే నిమిషంలోపు తడి దూది పుల్లతో తుడిచేసి మళ్ళీ గీసుకోవచ్చు. కింది పసుపుకి ఏమీ కాదు.

హెడ్‌లైట్ల చుట్టూ కంటి తెలుపులా సన్నటి తెల్ల గీత, గ్రిల్లు మీద నలుపు, బంపరుకి పుల్ల మొనతో వెండి రంగు. వెనక ఎర్ర లైట్లకి ఫ్యాన్సీ కొట్లో దొరికే పారదర్శకమైన ఎర్ర గోళ్ళరంగు నాకు చాలా ఇష్టం. అదీ ఒక లాకరే. ముందు వెండి చుక్క పెట్టి, ఆరాక దాని మీద గోళ్ళరంగు చుక్క పెడితే నిజంగా వెలిగినట్టుంటుంది.

నంబరు ప్లేటు కావాలంటే కొలత చెబుతాను. పొడుగు ప్లేటు 500 మిల్లీమీటర్లు, ఎత్తు 120. 64తో భాగిస్తే సుమారు 7.8, 1.9 మిల్లీమీటర్లు. స్టిక్కరు కాగితం మీద ఆ కొలతకి అచ్చు తీయించి కత్తిరించండి. మా కార్లన్నిటికీ గంజాం వాళ్ళ ఓడీ 07 ఉంటుంది. పర్లాకిమిడి వాళ్ళు ఓడీ 20, రాయగడ వాళ్ళు ఓడీ 18 పెట్టుకోండి. పిల్లలు కారు తీసుకోగానే ముందు చూసేది అదే.

క్లియర్, బిగింపు

చారలు ఒక రోజు ఆరాక లాకర్ క్లియర్ కొట్టండి. మొదటి రెండు పొరలు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పొడి పొడిగా, పడీ పడనట్టు ఉండాలి. మొదటే తడిగా కొడితే చారల అంచులు చెదురుతాయి. మూడో పొర కాస్త తడిగా. ఉప్పు పరీక్ష ఈ రోజు కూడా తప్పదు. దుమ్ము పడకుండా పైన వెడల్పాటి గిన్నె బోర్లించి, కింద గాలి ఆడడానికి రెండు అగ్గిపుల్లలు పెట్టండి.

అద్దాల ప్లాస్టిక్ మీద గీతలుంటే పళ్ళపేస్టు మెత్తని గుడ్డతో రుద్దితే చాలావరకు పోతాయి. అద్దాన్ని లోపల అతికించడానికి తెల్ల జిగురు వాడండి. సూపర్ గ్లూ ఆవిరి అద్దానికి తెల్లటి పొగ పట్టిస్తుంది, ఆ పొగ తుడిస్తే పోదు. సీటు, అద్దం, అడుగుభాగం ఫోటోలో ఉన్న క్రమంలో పెట్టి స్క్రూలు బిగించండి. స్క్రూ ఆగిన తరవాత ఇంకొక్క పావు చుట్టు అనుకోకండి, జింకులో తీసిన మర చెరిగిపోతుంది. చక్రాలు గాజు పలక మీద తోసి చూడండి. ఒక పక్కకి లాగుతుంటే ఇరుసు దగ్గర రంగు తుంపరలు పడ్డాయేమో చూసి గీకేయండి.

విడి భాగాలున్న ఈ కార్లని మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకండి, ఏదైనా ఊడితే నోట్లో పెట్టుకుంటారు. పెద్ద పిల్లలకి కూడా వారం రోజులు ఆగి ఇవ్వండి. ఆ వారంలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచకండి, లోపల ఇంకా ద్రావకం బయటికి వస్తూ ఉంటుంది, సంచి రంగుకి అతుక్కుపోతుంది. మా మేనల్లుడు రోజూ వచ్చి బోర్లించిన గిన్నె ఎత్తి చూసి, తాకకుండా మళ్ళీ బోర్లించి వెళ్ళేవాడు. ఎనిమిదో రోజు వాడికి చెప్పాను, తీసుకోరా అని.